కంప్యూటర్ కబుర్లు: రెండు వంతెనల లంక

పాత ల్యాప్‌టాప్‌లను ఏం చేసుకోవాలో ఈసారి రాస్తానని పోయిన సంచికలో మాటిచ్చాను. ఆ మాట ఇంకో మూడు నెలలు వాయిదా వేస్తున్నాను, మన్నించాలి. కారణం పిక్నిక్‌లో పులిహోర గిన్నె దగ్గర దొరికింది. ఒకావిడ నన్ను పట్టుకుని, "మా ఇంట్లో వైఫై గీతలు నిండుగా ఉంటాయండీ, కానీ ఏదీ రాదు. రౌటర్ ఆపి మళ్ళీ వేస్తే ఒక్క నిమిషం బాగుంటుంది, ఆ తర్వాత మళ్ళీ మామూలే. కంపెనీవాడికి ఫోన్ చేస్తే మావైపు అంతా బాగానే ఉందంటాడు" అన్నారు.

"ఈమధ్య ఎవరైనా కొత్తగా ఏదైనా తీగ పెట్టారా?" అని అడిగాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "పైగదికి సిగ్నల్ రావట్లేదని మావారు ఎక్స్‌టెండర్ తెచ్చారు. అయినా స్పీడు రాలేదని దానికి తీగ కూడా లాగారు" అన్నారు.

అప్పుడు నా పక్కన ప్లేటు పట్టుకుని నిలబడ్డ మిత్రుడూ నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే రోజుల నుంచీ స్నేహితులం. ఇద్దరిదీ కోనసీమే. ఆవిడ వెళ్ళాక వాడు, "రాయరా. ఈసారి ఇదే రాయి. మా ఇంట్లో జరిగింది కూడా రాయి, పేరు మాత్రం వెయ్యకు" అన్నాడు. నాలుగేళ్ళుగా నేను రాయకుండా దాటేస్తున్న విషయం అది. వాడే రాయమన్నాక ఇంక తప్పదు.

2021 మే నెల. ఆ రోజులు ఎలా గడిచాయో మీకు చెప్పక్కర్లేదు, మనలో చాలామంది ఇళ్ళలో ఏదో ఒక కబురు వచ్చిన నెల అది. మావాడి నాన్నగారు ఊళ్ళో పోయారు. కోవిడ్ కాదు, గుండెపోటు. వీడు హెచ్1 మీద ఉన్నాడు. మే 4 నుంచి ఇండియాలో ఉండి వచ్చేవాళ్ళ మీద ఇక్కడ ఆంక్షలు పెట్టారు, అక్కడ కాన్సులేట్లలో వీసా స్టాంపింగ్ దాదాపు ఆగిపోయింది. వెళితే తిరిగి ఎప్పుడొస్తాడో తెలియదు. ఇక్కడ ఇల్లాలు, ఇద్దరు పిల్లలు, ఇంటి అప్పు. వెళ్ళలేదు. పెద్దకొడుకు పెట్టాల్సిన తలకొరివి తమ్ముడు పెట్టాడు.

మనకి రాత్రి పదకొండు, అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. తమ్ముడి స్నేహితుడొకడు ఫోన్ పట్టుకుని చూపిస్తున్నాడు, ఇక్కడ హాల్లో ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి నలుగురూ కూర్చుని చూస్తున్నారు. మధ్యలో బొమ్మ కాస్త ఆగి ఆగి రావడం మొదలైంది. అది అక్కడి సిగ్నల్, ఊరి చివర కాలువగట్టు మీద అంతకంటే బాగా ఎలా వస్తుంది? కానీ వీడు, "పైన ఏమైనా ఊడిందేమో చూడు నాన్నా" అని కొడుకుని పంపాడు. పిల్లవాడు వెళ్ళొచ్చాడు. వాడొచ్చిన కొద్దిసేపటికి టీవీలో బొమ్మ పూర్తిగా బిగుసుకుపోయింది.

అక్కడ సిగ్నల్ పోయిందనుకున్నారు. ఎవరమైనా అలాగే అనుకుంటాం. వాట్సాప్‌లో తమ్ముడికి చేశారు, మోగలేదు. ఆ కాల్ కూడా ఇంట్లో వైఫై మీదే వెళ్ళాలని ఆ క్షణంలో ఎవరికి తోస్తుంది? గీతలు నిండుగా కనిపిస్తున్నాయాయె. రౌటర్ మూడుసార్లు ఆపి వేశారు. వేసిన ప్రతిసారీ ఒక్క క్షణం బతికినట్టే బతికి మళ్ళీ పోయింది. చివరికి వీడు ఇంట్లోంచి బయటికొచ్చి, కారు పక్కన నిలబడి నాకు మామూలు ఫోన్ చేశాడు.

"ముందు నీ ఫోన్లో వైఫై ఆపెయ్. మొబైల్ డేటా మీద వాళ్ళకి చెయ్. మిగతాది తర్వాత చూద్దాం" అన్నాను.

నిమిషంలో కలిసింది. అప్పటికి పధ్నాలుగు నిమిషాలు పోయాయి. బొమ్మ వచ్చేసరికి పొగ లేస్తోంది.

అర్ధరాత్రి దాటాక నేనే మళ్ళీ ఫోన్ చేసి, బేస్‌మెంట్లోకి వెళ్ళి స్విచ్ మీద లైట్లు ఎలా ఉన్నాయో చూడమన్నాను. "అన్నీ ఒకేసారి పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటున్నాయిరా" అన్నాడు. పైగదికి వెళ్ళే తీగలు రెండూ పీకమన్నాను. పీకాడు. లైట్లు నెమ్మదించాయి, ఇల్లంతా ఇంటర్నెట్ తిరిగొచ్చింది.

ఆ రెండు తీగలూ నేను పెట్టినవే. అక్కడికి మళ్ళీ వస్తాను. ముందు ఏం జరిగిందో చెప్పాలి.

నెట్‌వర్కుల భాషలో బ్రిడ్జ్ అని ఒక పెట్టె ఉంది. బ్రిడ్జ్ అంటే వంతెనే, పేరు పెట్టినవాళ్ళు సరిగ్గానే పెట్టారు. ఇప్పుడు మన ఇళ్ళలో ఉండే స్విచ్ అంటే ఎక్కువ దారులున్న బ్రిడ్జ్ అన్నమాట. రౌటర్ పెట్టె వెనక నాలుగు రంధ్రాలు కనిపిస్తాయే, అవీ అంతే. ఈ వంతెన ఎలా పనిచేస్తుందో చెప్పాలంటే నాకు మా గోదావరి లంకలే గుర్తొస్తాయి.

రెండు లంకలున్నాయి, మధ్యలో పాయ, పాయ మీద ఒక వంతెన. వంతెన మీద కాపలావాడొకడు. వాడి పని రెండు ముక్కలు. ఒకటి, ఎవరి గొంతు ఏ లంక వైపు నుంచి వినిపించిందో గుర్తుపెట్టుకోవడం. సుబ్బయ్య మాట తూర్పులంక నుంచి వినిపిస్తే, సుబ్బయ్య తూర్పులంకవాడని రాసుకుంటాడు. ఆ తర్వాత సుబ్బయ్యకి ఉత్తరం వస్తే అటే పంపుతాడు, ఇటు పంపడు. రెండోది, దండోరా. ఊరందరికీ వినిపించాల్సిన చాటింపు ఏ వైపు నుంచి వచ్చినా, రెండో వైపుకి తిరిగి యథాతథంగా మళ్ళీ చాటాలి. మన కంప్యూటర్లు ఈ దండోరా రోజంతా వేస్తూనే ఉంటాయి. "ఫలానా నంబరు గలవాళ్ళు ఎవరండీ, మీ ఇంటి గుర్తు చెప్పండి" అని ఫోను అడుగుతుంది. "ప్రింటర్ ఎవరైనా ఉన్నారా" అని ల్యాప్‌టాప్ అడుగుతుంది. ఇందులో తప్పేమీ లేదు, ఒకరినొకరు వెతుక్కునే పద్ధతే అది.

ఒక వంతెన ఉన్నంతకాలం అంతా సవ్యంగా నడుస్తుంది. వరదొస్తే ఎలా అని ఎవరో రెండో వంతెన కట్టారనుకోండి. మంచి ఆలోచనే. దాని మీద కూడా అదే పని నేర్చిన కాపలావాణ్ణి పెట్టారు. ఇప్పుడు తూర్పులంకలో ఒకడు దండోరా వేశాడు. ఇద్దరు కాపలావాళ్ళూ విన్నారు, ఇద్దరూ పడమటిలంకలో చాటారు. ఒకటో కాపలావాడు పడమట నిలబడి వింటే రెండోవాడి గొంతు వినిపించింది. కొత్త దండోరా అనుకుని తూర్పున చాటాడు. రెండోవాడూ ఒకటోవాడి గొంతు విని అదే పని చేశాడు. అది విని వీడు, వీడిది విని వాడు... ఒక్క దండోరా, రెండు వంతెనల మీదుగా, రెండు దిక్కులా, ఎప్పటికీ! మొదట వేసినవాడు ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నా ఆగదు. ఇంతలో ఇంకొకడు ఇంకో దండోరా వేస్తాడు, అది కూడా దీనికి తోడవుతుంది. మూడో వంతెన కూడా ఉంటే ఇంకా ఘోరం. ఒక్కొక్కడి కేక మిగతా ఇద్దరికీ వినిపిస్తుంది, ఇద్దరూ మళ్ళీ చాటుతారు. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది.

ఉత్తరాల సంగతి చూడండి. సుబ్బయ్య గొంతు ఇప్పుడు తూర్పు నుంచీ వినిపిస్తోంది, పడమట నుంచీ వినిపిస్తోంది. కాపలావాడు తన పుస్తకంలో ఇటు కొట్టేసి అటు, అటు కొట్టేసి ఇటు రాసుకుంటూ ఉంటాడు. సుబ్బయ్యకొచ్చిన ఉత్తరం ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

దీన్నే ఇంగ్లీషులో లూప్ అంటారు, దాని వల్ల వచ్చేదాన్ని బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటారు. దండోరా తుఫాను అందాం. ఎంత తుఫానో ఒక లెక్క చెబుతాను. సెకనుకి 100 మెగాబిట్ల తీగ మీద అతి చిన్న కబుర్లు, అంటే 64 బైట్లవి, సెకనుకి సుమారు 1,48,800 పట్టగలవు. గిగాబిట్ తీగ మీద అంతకు పదింతలు. ఇవి దండోరాలు కాబట్టి ఇంట్లో ఉన్న ప్రతి ఫోను, టీవీ, ప్రింటర్ ప్రతి ఒక్కదాన్నీ వినాల్సిందే. వైఫై మరీ ముందు చస్తుంది. ఎందుకంటే దండోరా అందరికీ అందాలి కనుక వైఫై దాన్ని మామూలుగా తన తక్కువ వేగంలోనే పంపుతుంది. గాలిలో చోటంతా వాటికే సరిపోతుంది. గీతలు నిండుగా ఉండి ఏదీ రాకపోవడం అంటే ఇదే. గీతలు చెప్పేది రౌటర్ గొంతు మీకు వినిపిస్తోందని మాత్రమే. ఆ గొంతు పనికొచ్చే మాట చెబుతోందా, పాత దండోరానే అరుస్తోందా అనేది గీతలకి తెలియదు.

"మరి ఇంటర్నెట్లో ఇన్ని దారులున్నాయి కదా, అక్కడ తిరగదా?" అని మావాడి అబ్బాయి అడిగాడు. మంచి ప్రశ్న. ఇంటర్నెట్ మీద వెళ్ళే ప్రతి మూటకీ ఒక ఆయుష్షు అంకె ఉంటుంది. చాలా కంప్యూటర్లు 64 అని రాసి పంపుతాయి. దారిలో ప్రతి రౌటరూ ఒకటి తీసేస్తుంది, సున్నా అయితే అక్కడే పారేస్తుంది. పొరపాటున తిరగడం మొదలైనా కాసేపటికి దానంతటదే చచ్చిపోతుంది. కానీ ఇంట్లో తీగల మీద నడిచే ఈథర్‌నెట్‌కి ఆ అంకె లేదు. మొదట్లో అది ఒకే తీగ మీద నలుగురు మాట్లాడుకోవడానికి పుట్టినది. వంతెనలు తర్వాత వచ్చాయి. చిరంజీవి కావడం అన్నిచోట్లా వరం కాదు!

పిల్లలూ, ఇది మీరు ఆడి చూడొచ్చు. పదిమంది గుండ్రంగా చేతులు పట్టుకుని నిలబడండి. నియమం ఒక్కటే, మీ ఒక చేతిని ఎవరైనా నొక్కితే, రెండో చేత్తో మీ పక్కవాళ్ళ చేతిని నొక్కాలి. ఎవరో ఒకరు మొదలుపెట్టండి. అది తిరుగుతూనే ఉంటుంది. అయిదు సెకన్లకొకసారి వేరే ఎవరైనా ఇంకో నొక్కు మొదలుపెట్టమనండి. రెండు నిమిషాల్లో ఎవరు ఎప్పుడు నొక్కారో తెలియక అందరూ నవ్వడం మొదలుపెడతారు. ఇప్పుడు పక్కపక్కనున్న ఇద్దరు మాత్రం చేతులు వదిలెయ్యండి. మళ్ళీ ఒక నొక్కు పంపండి. అందరికీ చేరుతుంది, చివర చెయ్యి వదిలేసినవాళ్ళ దగ్గర ఆగిపోతుంది. ఎవరూ ఆటలోంచి పోలేదు. ఒక్క చెయ్యి వదిలితే చాలు.

ఈ చెయ్యి వదలడాన్ని పెట్టెలే తమంతట తాము చేసుకునే ఉపాయం 1985లో కనిపెట్టారు. కనిపెట్టినావిడ పేరు రేడియా పెర్ల్‌మన్, అప్పట్లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేసేవారు. ఈవిడ గురించి పిల్లలకి ఇంకో సంగతి చెప్పాలి. 1970లలో ఎంఐటీలో ఉండగా, అక్షరాలు రాని మూడున్నరేళ్ళ పిల్లలు కూడా మీటలు నొక్కి తాబేలు మరబొమ్మని నడిపించేలా ఒక ఏర్పాటు తయారుచేశారు. ఈ ఉపాయానికి ఆవిడ పెట్టిన పేరు స్పానింగ్ ట్రీ, అంటే అందర్నీ కలిపే చెట్టు. చెట్టు కొమ్మలు చీలుతూ పోతాయే కానీ తిరిగొచ్చి మొదట్లో కలవవు. (మర్రిచెట్టు మాట ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు.) ఈ ఉపాయం మీద ఆవిడ సరదాగా ఒక పద్యం కూడా రాశారు. జాయిస్ కిల్మర్ చెట్ల మీద రాసిన ప్రసిద్ధ పద్యానికి అనుకరణ అది. పేరు ఆల్గోరైమ్. ఇంజనీర్లు రాసిన పద్యాల్లో ఇంత ప్రచారం పొందింది ఇంకొకటి ఉంటుందనుకోను.

ఉపాయం ఇది. ప్రతి వంతెనకీ ఒక నంబరు ఉంటుంది. ముందు అందరూ కలిసి ఒక పెద్దని ఎన్నుకుంటారు. మన ఇళ్ళలో ఎక్కువ వయసున్నవాళ్ళు పెద్ద, ఇక్కడ తక్కువ నంబరు ఉన్నవాడు పెద్ద. ఆ పెద్ద దగ్గరికి తనకి దగ్గర దారి ఏదో ప్రతి వంతెనా లెక్క వేసుకుంటుంది. ఆ లెక్కలో అక్కర్లేని దారుల మీద గేటు వేసేస్తారు. వంతెన కూల్చరు, గేటు మాత్రమే వేస్తారు, అదీ అందం. గేటు వెనక కాపలావాడు వింటూనే ఉంటాడు. పెద్ద నుంచి రెండు సెకన్లకొకసారి "ఉన్నాను" అని కబురొస్తుంది. 20 సెకన్లు ఆ కబురు రాకపోతే, అసలు వంతెన వరదకి పోయిందని అర్థం. అప్పుడు గేటు తీయడం మొదలుపెడతాడు. అది కూడా తొందరపడి కాదు, 15 సెకన్లు ఊరికే విని, ఇంకో 15 సెకన్లు ఎవరెక్కడున్నారో నేర్చుకుని, అప్పుడు. మొత్తం 50 సెకన్ల వరకూ పట్టొచ్చు. ఇది 1990లో 802.1డి అనే ప్రమాణమైంది. 50 సెకన్లు మరీ ఎక్కువని 2001లో ఇంకా చురుకైన పద్ధతి తెచ్చారు. దాంతో చాలా సందర్భాల్లో ఒకటి రెండు సెకన్లలో, ఒక్కోసారి ఇంకా తొందరగా, పని అయిపోతుంది.

ఇందులో మెలిక ఒకటుంది. పెద్ద ఎవరో మనం చెప్పకపోతే అందరికీ ముందే ఉన్న అంకె 32768 ఒకటే కాబట్టి, పెట్టె పుట్టినప్పుడు పడ్డ మాక్ అడ్రస్ చూసి తేల్చుకుంటారు. తక్కువ అడ్రస్ తరచు పాత పెట్టెకే ఉంటుంది. కొత్తవి లక్షలు పోసి కొని, ఆఫీసు అటక మీద దుమ్ము పట్టిన పాత డబ్బా ఇంటిపెద్దగా కూర్చోవడం నేను ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను. అది పోయిన రోజున అందరూ కొత్త పెద్దని వెతుక్కుంటారు.

ఈ ఉపాయం ఉన్నంత మాత్రాన అన్నీ మర్చిపోయి పడుకోవడానికి లేదని బోస్టన్లో ఒక పెద్ద ఆసుపత్రికి తెలిసొచ్చింది. బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ మెడికల్ సెంటర్. 2002 నవంబరు 13న వాళ్ళ నెట్‌వర్క్ మొత్తం పడిపోయి, దాదాపు నాలుగు రోజులు సరిగా లేవలేదు. రెండు ఆసుపత్రులు కలిసి, ఏళ్ళ తరబడి వంతెనకి వంతెన తగిలిస్తూ పోతే, ఈ చెట్టు తట్టుకోగలిగిన పొడవు దాటిపోయింది. మామూలుగా ఒక కొస నుంచి ఇంకో కొసకి ఏడు వంతెనలకి మించకూడదని చెబుతారు. అంత పెద్ద నెట్‌వర్క్ మీద ఒక్కసారిగా బరువు పడేసరికి "ఉన్నాను" అనే కబుర్లు సమయానికి అందలేదు, గేట్లు తప్పుగా తెరుచుకున్నాయి, తుఫాను లేచింది. డాక్టర్లు కాగితాలకి, కలాలకి తిరిగి వెళ్ళాల్సి వచ్చింది. అప్పటి వాళ్ళ సమాచార విభాగం అధిపతి జాన్ హలామ్కా ఈ కథని దాచుకోకుండా అందరికీ చెప్పారు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అందుకే. మా వృత్తిలో పడిపోయినవాళ్ళు చాలామంది, చెప్పేవాళ్ళు తక్కువ.

సరే, మన ఇళ్ళకొద్దాం. ఇంట్లో ఇరవై డాలర్లకి దొరికే చిన్న స్విచ్‌లలో చాలావాటికి ఈ చెట్టు విద్య రాదు. కాపలావాడున్నాడు, గేటు లేదు. కాబట్టి గేటు మీరే కావాలి.

లూప్ ఎలా పడుతుందంటే, నేను చూసినంతలో ఎప్పుడూ మంచి ఉద్దేశంతోనే పడుతుంది. వేలాడుతున్న తీగ కొస చూసి ఎవరో పాపం అనుకుని ఖాళీగా ఉన్న రంధ్రంలో పెడతారు. రెండు తీగలు పెడితే రెట్టింపు వేగం వస్తుందనుకుంటారు. (రాదు. రెండు తీగల్ని ఒక్కటిగా వాడే పద్ధతి వేరే ఉంది, దానికి రెండు వైపులా ఆ విద్య తెలిసిన పెట్టెలుండాలి.) ఆఫీసు ఫోనుకి కంప్యూటర్ కోసం ఇచ్చిన రెండో రంధ్రాన్ని కూడా గోడకే పెడతారు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఒక క్లయింటు ఆఫీసులో సమావేశం గది ఊడ్చి సర్దినవాళ్ళు ఇలా పెడితే, ఒక అంతస్తు సగం రోజు పనిలేక కూర్చుంది. ఆనందించినవాళ్ళు కూడా ఉన్నారు లెండి. ల్యాప్‌టాప్‌లో వైఫైనీ తీగనీ కలిపి బ్రిడ్జ్ చేసే సౌకర్యం విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచీ ఉంది. ఆ రెండూ ఒకే ఇంటి నెట్‌వర్కుకి వెళ్తుంటే అది రెండో వంతెనే. పిక్నిక్‌లో ఆవిడగారింట్లో జరిగిందీ ఇలాంటిదే, ఎక్స్‌టెండర్ గాలిలో ఒక వంతెన, తీగ మీద ఒక వంతెన. మెష్ అని అమ్మే సెట్లు చాలావరకు దీన్ని పసిగట్టి సర్దుకుంటాయి, ఒకే కంపెనీ పెట్టెలైతే. రెండు కంపెనీలవి కలిపితే ఒకరి భాష ఒకరికి రాకపోవచ్చు. పాత రౌటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ లాంటిది వేసుకునే ఉత్సాహవంతులు, బ్రిడ్జ్ సెట్టింగులలో ఎస్‌టీపీ అన్న గడి టిక్ పెట్టి ఉందో లేదో చూసుకోండి. సాధారణంగా ఉండదు.

మీ ఇంట్లో ఇదే జరిగిందని అనుమానం వస్తే రౌటర్‌ని పదే పదే ఆపి వెయ్యకండి. వేసిన తర్వాత మొదటి దండోరా పడగానే మళ్ళీ అదే కథ. స్విచ్ మీద లైట్లు చూడండి. మామూలు రోజుల్లో అవి వానచినుకుల్లా ఒక్కోటి ఒక్కోలా మిణుకుతాయి. తుఫానులో అన్నీ ఒకే తాళంలో, ఊపిరి తీసుకోకుండా కొట్టుకుంటాయి. ఒక్కొక్క తీగా పీకండి. ఏది పీకగానే లైట్లు శాంతిస్తాయో అదే మీ రెండో వంతెన. కొత్తగా కొనేవాళ్ళు ఇంకో పది పదిహేను డాలర్లు పెట్టి, పెట్టె మీద లూప్ డిటెక్షన్ అని గానీ స్పానింగ్ ట్రీ అని గానీ రాసి ఉన్నది కొనుక్కోండి. అత్యవసరమైన కాల్ మధ్యలో అయితే ఇవేమీ వద్దు. ఫోన్లో వైఫై ఆపెయ్యండి, మొబైల్ డేటా మీద మాట్లాడండి. ఇది ఇంట్లో అందరికీ, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కూడా నేర్పండి.

ఇప్పుడు ఆ రెండు తీగల సంగతి. మావాడు 2019లో ఇల్లు కొన్నప్పుడు నెట్‌వర్క్ పెట్టింది నేను. పైన ఆఫీసు గది గోడకి రెండు సాకెట్లున్నాయి, రెండూ బేస్‌మెంట్లో ఒకే స్విచ్‌కి వస్తాయి. 2020 మార్చిలో వాడి ఆఫీసూ పిల్లల బడీ ఇంటికొచ్చేసరికి ఒక శనివారం వెళ్ళి, పైగదిలో అయిదు రంధ్రాల చిన్న స్విచ్ ఒకటి పెట్టి, దాన్ని మొదటి సాకెట్‌కి తగిలించాను. అంతకుముందు డెస్క్‌టాప్ కోసం రెండో సాకెట్‌లో పెట్టిన తీగ అలాగే ఉంది. డెస్క్‌టాప్‌ని స్విచ్‌కి మార్చాక దాన్ని పీకాలి. పీకలేదు. ఎప్పుడో అవసరమొస్తుందని కొసని బల్ల వెనక వదిలేశాను. ఇంకో సంగతి, ఆ దుకాణంలోనే లూప్ డిటెక్షన్ ఉన్న స్విచ్ పక్కనే ఉంది. "ఇంటికి ఇదెందుకు" అనుకుని చవకది తీసుకున్నది కూడా నేనే. ఇరవై ఏళ్ళుగా క్లయింట్లకి ఇవే పాఠాలు చెప్పి డబ్బు తీసుకుంటున్నవాణ్ణి.

మర్నాడు పొద్దున మాస్కు వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. పదమూడేళ్ళ పిల్లవాడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రాత్రంతా పడుకున్నట్టు లేడు. "అంకుల్, ఆ వైర్ నేనే పెట్టాను. ఊడిపోయిందనుకున్నాను. తాతయ్యని నాన్న చూడలేకపోయింది నా వల్లేనా?" అన్నాడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు.

వాడి పక్కన కూర్చుని కాగితం మీద రెండు లంకలు గీశాను. పైన మీకు చెప్పిన కథ మొదట చెప్పింది వాడికే. అంతా విని, "అయితే వైర్ పెట్టకూడదని ఎలా తెలుస్తుంది?" అన్నాడు. తెలియదు అన్నాను. ఏ తీగ పెట్టొచ్చో ఏది పెట్టకూడదో చూసి చెప్పగలిగేలా ఉంచడం పెట్టినవాడి పని, పెట్టినవాణ్ణి నేను అన్నాను. వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నమ్మాడో లేదో నాకు తెలియలేదు. చెల్లెమ్మ, అంటే వాళ్ళమ్మ, వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "అన్నయ్యగారూ, వాడికి ఆ మాట ఇంకోసారి చెప్పండి" అంది. ఇంకోసారి చెప్పాను.

మావాడు నన్ను ఏమీ అనలేదు. ఆ పధ్నాలుగు నిమిషాలూ ఎవరైనా రికార్డు చేశారేమోనని నేను తమ్ముణ్ణి అడిగాను. లేదు, ఎవరూ చెయ్యలేదు. ఆ ఏడాది చివర్లో వాడు ఊరెళ్ళి వచ్చాడు.

అదే రోజు పిల్లవాడూ నేనూ కలిసి ఇంట్లో ప్రతి తీగా పీకి, మళ్ళీ పెట్టాం. ప్రతి తీగ రెండు కొసలకీ ఒకే నంబరు అంటించాం. వాడికి తెలుగు రాయడం అప్పటికి అంతంతమాత్రమే, అయినా లేబుళ్ళు తెలుగులోనే రాస్తానన్నాడు. బేస్‌మెంట్లో కొత్త స్విచ్ పెట్టి, స్పానింగ్ ట్రీ వేసి, ఆ తీగనే మళ్ళీ రెండో సాకెట్‌లో పెట్టి చూడమన్నాను. భయపడ్డాడు. రెండుసార్లు చెబితే పెట్టాడు. బేస్‌మెంట్ స్విచ్ మీద ఒక లైటు నారింజ రంగులోకి మారి అలాగే ఉండిపోయింది, మిగతావన్నీ మామూలుగా మిణుకుతున్నాయి. "గేటు పడింది" అన్నాడు వాడు. తర్వాత తీగ పీకేసి, చుట్టచుట్టి నా సంచిలో పెట్టేశాడు.

ఇప్పుడు వాడు కాలేజీకి వెళ్ళబోతున్నాడు. పైగది గోడ మీద ఆ రెండో సాకెట్‌కి అడ్డంగా అంటించిన టేపు ఇంకా ఉంది. దాని మీద వంకర అక్షరాలతో, వత్తు తప్పు లేకుండా ఉంది: "ఖాళీగా ఉంచండి. అడగకుండా పెట్టొద్దు."